అక్కను కారులో దింపి వచ్చిన సంగతి

మా దగ్గర ఎవరు కొత్త బండి కొన్నా ముందు రంగు అడగరు, ధర అడగరు. "ఎంతిస్తది?" అని అడుగుతారు. బర్రెను కొన్నా అదే ప్రశ్న, బండిని కొన్నా అదే ప్రశ్న. నేను కరెంటు కారు కొన్నప్పుడు హుజూరాబాద్‌లో మా గల్లీ మొదలుకొని బడిలో స్టాఫ్ రూము దాకా అందరూ అదే అడిగారు. అందరికీ ఒకే జవాబు చెప్పాను. ఒక్క ఛార్జింగుకు రెండు వందల యాభై కిలోమీటర్లు.

ఆ అంకె నేను కనిపెట్టింది కాదు. షోరూము గోడ మీద నా తలకాయంత అక్షరాలతో రాసి ఉంది. దాని కింద చీమ తలకాయంత అక్షరాలతో ఇంకేదో రాసి ఉంది. అదేమిటని అమ్మేవాణ్ణి అడిగితే "ఫార్మాలిటీ సార్" అన్నాడు. కారు ఇంటికి వచ్చిన నెలకు కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. తేలిందేమిటంటే, ఆ అంకె రావాలంటే బండిలో మనుషులు ఎక్కువ ఉండకూడదు, ఏసీ వేయకూడదు, రోడ్డు చదునుగా ఉండాలి, ఎదురుగాలి ఉండకూడదు, ఎండ అసలే ఉండకూడదు. అలాంటి రోజు మా కరీంనగర్ వైపు ఏడాదికి ఒక్కటి వస్తే గొప్ప. ఆ ఒక్క రోజూ ఎవరిదో పెళ్లి ఉంటుంది, బండిలో ఏడుగురు ఎక్కుతారు.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పే పంతుల్ని. అసలు సంగతి మొదటి వారంలోనే లెక్క తేలింది. చలికాలంలో ఒక్కణ్ణే కూర్చుని, కాలు నొక్కీ నొక్కనట్టు తోలితే నూట డెబ్బై. అయినా చాయ్ హోటల్లో మాత్రం రెండు వందల యాభై తగ్గించలేదు. మా బడిలో డీజిల్ కారు ఉన్న సైన్సు సారు ఒకడున్నాడు. వాడి ముందు ఎనభై కిలోమీటర్లు ఎట్లా వదులుకుంటాను. మోసపోయానని నోరు తెరిచి ఒప్పుకున్న మగవాణ్ణి మా జిల్లాలో ఇంతవరకు చూడలేదు, మొదటివాణ్ణి నేనెందుకు కావాలి. కంపెనీ ఒక్కసారి గోడ మీద రాసి ఊరుకుంది. నేను రోజూ చెప్పాను. చెప్పగా చెప్పగా ఆ మాట పూర్తిగా నమ్మింది కూడా నేనొక్కణ్ణే.

ఇక అక్క సంగతి. మా అక్కను ఖానాపూర్‌లో ఇచ్చాం. మా ఇంటికీ వాళ్లింటికీ నూట అరవై కిలోమీటర్లు. మా వైపు పెళ్లయిన ఆడబిడ్డకు తల్లిగారింటి వాళ్లు ఒడిబియ్యం పోయాలి. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, కొత్త చీరతో ఆమె ఒడి నింపి పంపాలి. బేసి సంవత్సరాల్లో, మూడుకో అయిదుకో, ఈ పని జరగాలి. మమ్మల్ని కన్న అవ్వ, బాపు ఉన్నన్నాళ్లు జరిగింది. వాళ్లు పోయాక ఆ బాధ్యత నాది. నేను ఒకసారి ఇల్లు కడుతున్నానని వాయిదా వేశాను, ఇంకోసారి పరీక్షల డ్యూటీ అన్నాను, ఆ తరువాత ఏమన్నానో నాకే గుర్తులేదు. అన్నేళ్లలో నేను ఖానాపూర్ వెళ్లింది కూడా లేదు.

అక్క ఒక్కనాడూ అడగలేదు. మా బావ మాత్రం ఒకసారి ఫోన్‌లో నోరు జారాడు. ఏ ఫంక్షన్ జరిగినా ఆయన అక్కచెల్లెళ్లు మా అక్కను "నీకు తల్లిగారోళ్లు ఉన్నరా, లేరా?" అని అడుగుతారట. నవ్వుతూనే అడుగుతారట. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. నా మీద నాకు వచ్చిన కోపం అది. కానీ కోపాన్ని మన మీద ఎంతసేపని పెట్టుకుంటాం. దాన్ని తీసుకుపోయి పంతం మీద పెట్టాను. ఈసారి ఒడిబియ్యం పోయడమే కాదు, అక్కను నా కారులో కూర్చోబెట్టుకుని, ఆ ఆడబిడ్డలంతా చూస్తుండగా వాళ్ల వాకిట్లో దింపాలి.

అక్క రెండు రోజుల ముందే బస్సులో వచ్చింది. బావ ఫోన్ చేసి తిరుగు ప్రయాణానికి జీపు మాట్లాడతానన్నాడు.

"జీపెందుకు బావా, నా కార్ల తీస్కస్త. ఎక్కడ ఆగకుంట సీదా మీ ఇంటి ముంగట దింపుత," అన్నాను.

"మా అక్కచెల్లెండ్లు కూడ ఆ పొద్దు వస్తున్నరు. దీపం పెట్టే యాళ్లకల్ల రండ్రి మరి," అన్నాడు.

ఆ మాటతో అక్క ముఖం విచ్చుకుంది. ఆ రెండు రోజులూ ఆమె ఏ పనిలో ఉన్నా మధ్యలో ఒకసారి వాకిట్లోకి వచ్చి కారును చూసి వెళ్లేది.

ఈ వ్యవహారానికంతటికీ పెద్దదిక్కు మా మేనత్త. బాపు చెల్లెలు. పద్ధతుల విషయంలో సుప్రీం కోర్టు. ఆమె మూడు నియమాలు చెప్పింది. ఒడిబియ్యం పట్టుకున్న ఆడబిడ్డ దీపాలు పెట్టకముందే అత్తగారింటికి చేరాలి. దారిలో ఎవరి గడపా తొక్కకూడదు, బియ్యం మూట ఒడిలోంచి దించకూడదు.

"నడుమ చాయకన్న ఆగద్దా అత్తా?" అన్నాను.

"చాయె తాగుతవో సార తాగుతవో నీ ఇష్టం. పిల్ల మాత్రం దిగద్దు," అన్నది.

కారు కంపెనీవాళ్లు తమ పరీక్షల్లో ఎండను లెక్కలోకి తీసుకోలేదు సరే, మా మేనత్తను కూడా తీసుకోలేదు. నేను కాగితం మీద లెక్క వేసుకున్నాను. నూట అరవై పోవాలి. నింపాదిగా పోతే నూట డెబ్బై వస్తుంది. పది మిగులుతుంది. ఈ లెక్కే పదో తరగతి పిల్లవాడు వేసి ఉంటే, ఎండాకాలం ఏమైంది, నలుగురు మనుషుల బరువేమైంది అని చెవి మెలేసేవాణ్ణి. పైగా జగిత్యాలలో ఛార్జింగ్ స్టేషను ఉందని ఫోన్‌లో చూశాను. అది ఉందని చూశానే గానీ పనిచేస్తుందా అని చూడలేదు.

ముందు రోజు సాయంత్రం బ్యాటరీ నిండుగా ఉంది. చుట్టాలొచ్చారు. కరెంటు కారు చప్పుడు చేయదట కదా, ఒక్క రౌండు తిప్పమన్నారు. ఒకరిని తిప్పి ఇంకొకరిని తిప్పకపోతే మాటొస్తుంది. కొందరు ఏసీ ఎంత చల్లగా వస్తుందో చూస్తామని నిలబెట్టిన బండిలోనే కూర్చుని ఉల్లిగడ్డల రేటు నుంచి రాజకీయాల దాకా మాట్లాడుకున్నారు. మళ్లీ ప్లగ్గు పెట్టాను. తెల్లవారుజామున గాలిదుమారం లేచి కరెంటు పోయింది, ఎనిమిదింటికి వచ్చింది. అప్పటికి ఇంట్లో గ్రైండరు, మోటరు, ఇస్త్రీ పెట్టె కరెంటు కోసం లైన్లో ఉన్నాయి. మా పాత వైరింగు అన్నీ ఒకేసారి మోయలేదు. కారు ప్లగ్గు పీకి గారెల పిండి రుబ్బారు. నేను స్నానం చేసి వచ్చి చూస్తే బండి తొంభై ఒకటి శాతం దగ్గర నిలబడి ఉంది.

ఒడిబియ్యం పోయడం బాగా జరిగింది. నా భార్య, నేను పోస్తుంటే అక్క తల వంచుకుని కూర్చుంది. కన్నీళ్లు బియ్యంలో పడకుండా కొంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉంది. ఇంత చిన్న పనికి ఇన్నేళ్లు చేశానా అనిపించి నాకు సిగ్గేసింది. ఆ తరువాత బయలుదేరుదామంటే వర్జ్యం ఉందన్నది మేనత్త. వర్జ్యం పోయేసరికి ఒంటిగంట. మే నెల ఒంటిగంట.

డిక్కీలో లడ్డూల బకెట్టు, సకినాల డబ్బాలు, అరటిగెల, బావకని బాసుమతి బియ్యం బస్తా. ముందు సీట్లో మేనత్త. ఆమె ఒక్కతే ఇద్దరి పెట్టు. వెనక నా భార్య, ఒళ్లో పసుపు మూటతో అక్క. బండి స్టార్ట్ చేయగానే తెర మీద మిగిలిన కిలోమీటర్ల అంకె వచ్చింది. నూట యాభై ఎనిమిది. రెండే కదా తక్కువ, ఎక్కడో ఒక దిగుడులో వస్తాయనుకున్నాను.

కరీంనగర్ బైపాసు దాటేసరికి నేను నడిపింది నలభై పైచిలుకు, తెర మీద తగ్గింది అరవై. ఆ అంకె మేనత్త కళ్ల ముందే ఉంది.

"గదేంది, గడియారమా? ఎనకకు నడుస్తంది," అన్నది.

"ఇంకెంత దూరం పోతదో చెప్తది అత్తా."

"గట్లయితె మనం పోయేదానికంటె తక్వ ఉన్నది గద."

ఆమె బడికి పోలేదు. నేను ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను.

గంగాధర దాటాక ఏసీ ఆపేశాను. సహజమైన గాలి ఆరోగ్యానికి మంచిదన్నాను. అద్దాలు దించితే ఇటుక బట్టీ మూత తీసినట్టు వేడి లోపలికి కొట్టింది. నా భార్య కొంగుతో విసురుకుంటూ బయటికి చూసింది. కాపురం చేసిన మనిషికి ఎప్పుడు మాట్లాడకూడదో తెలుసు. తరువాత వేగం నలభైకి తగ్గించాను. నెమ్మదిగా పోతే ఎక్కువ దూరం వస్తుందని ఎక్కడో చదివాను. ఒక ట్రాక్టరు మమ్మల్ని దాటిపోయింది. ఆ తరువాత వరి కోత మిషను దాటిపోయింది. దాని మీద కూర్చున్నాయన వెనక్కి తిరిగి, బండి ఖరాబైందా అని చేత్తో సైగ చేసి అడిగాడు. లేదని సైగ చేశాను. కొండగట్టు కమాను దగ్గర మేనత్త చేతులు జోడించి చాలాసేపు మొక్కింది. ఎందుకు మొక్కిందో నేను అడగలేదు.

జగిత్యాల ఛార్జింగ్ స్టేషను చూడ్డానికి చక్కగా ఉంది. పెద్ద పెట్టె, పచ్చ లైటు. ఫోన్‌లో యాప్ వేసుకోమన్నది. వేసుకున్నాను. నంబరు అడిగింది, ఇచ్చాను. పాస్‌వర్డ్ పెట్టమన్నది, పెట్టాను, అందులో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలన్నది, అవీ పెట్టాను. అన్నీ అయ్యాక ఈ యంత్రం ప్రస్తుతం సేవలో లేదు అని చెప్పింది. ఆ ముక్క మొదటే చెప్పవచ్చు. పక్కన చెట్టు కింద పడుకున్న వాచ్‌మన్ లేచి కూర్చున్నాడు.

"అది ఉగాది కాడికెల్లి నడుస్తలేదు సార్."

"మరి లైటెందుకు వెలుగుతుంది?"

"లైటుకు వేరే లైను," అన్నాడు.

మెట్‌పల్లిలో ఒక హోటల్ ఆవరణలో ఇంకొకటి ఉంది, అది నడుస్తుంది, కానీ నిదానం అని కూడా అతనే చెప్పాడు. మెట్‌పల్లి చేరేసరికి నాలుగున్నర దాటింది. తెర మీద అంకె పద్నాలుగు. ఖానాపూర్ ఇంకా నలభై. వైరు తగిలించాను. చాలినంత ఎక్కడానికి రెండు గంటలు అని చూపించింది. దీపాల వేళ దాటిపోతుంది. ఆడబిడ్డలంతా వాకిట్లో కూర్చుని ఉంటారు, తల్లిగారింటి కారు రాదు. ఇన్నేళ్లుగా నవ్వుతూ అడిగిన ప్రశ్నకు వాళ్లకు జవాబు దొరుకుతుంది. నేను వైరు పట్టుకుని నిలబడి చెమటలు కక్కుతున్నాను, సగం ఎండకు, సగం భయానికి.

హోటల్లో ఫ్యాన్ కింద కూర్చోమని యజమాని పిలిచాడు. అక్క మేనత్త వైపు చూసింది.

"ఓటలు ఇల్లు గాదు గద అత్తా," అన్నాను.

మేనత్త కారు దిగి పోయి చూసి వచ్చింది. "గడప ఉన్నది," అన్నది. తీర్పు అయిపోయింది.

అక్క ఆ పెనంలాంటి కారులోనే కూర్చుంది. తలుపులన్నీ తెరిచి నా భార్య అట్టముక్కతో విసిరింది. అక్క బియ్యం మూటను రెండు చేతులతో పట్టుకుని తెర మీది అంకెనే చూస్తోంది. పదిహేను అయింది. చాలాసేపటికి పదహారు అయింది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు రోడ్డు మీద ఖానాపూర్ బస్సు వచ్చి ఆగింది. పల్లెవెలుగు. అక్క నన్ను అడగలేదు, మేనత్తను అడిగింది.

"బస్సుకు గడప ఉంటదా అత్తా?"

మేనత్త మెడ చాచి బస్సు తలుపు వైపు చూసింది. "మెట్లే గద ఉంటయి," అన్నది.

అక్క మూట దించకుండానే దిగి, నడిచి, మెట్లెక్కింది. లడ్డూల బకెట్టు, అరటిగెల నేనే మోసి పైకి అందించాను. బాసుమతి బస్తాకు చోటు లేదన్నారు. మేనత్త ఎక్కి ఆధార్ కార్డు తీసింది. ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా, ఇద్దరికీ సున్నా టికెట్టు కొట్టాడు కండక్టరు. ఎవరో లేచి అక్కకు కిటికీ పక్కన సీటు ఇచ్చారు.

"ఫికర్ చెయ్యకు తమ్మీ. నిమ్మలంగ రా," అన్నది అక్క కిటికీలోంచి.

డొక్కు బస్సు. అద్దాలు లేవు, రేకులు ఊగుతున్నాయి. ఎన్ని కిలోమీటర్లు పోతుందో దాని మీద ఎక్కడా రాసి లేదు. అది పొగ వదిలి పోయింది. నేను వైరు దగ్గర నిలబడ్డాను. ఏడుపొచ్చింది, కానీ హోటల్ ముందు నలుగురున్నారు.

ఆరుంబావుకు తెర మీద యాభై కనిపించగానే వైరు పీకి బయలుదేరాం. గోదావరి వంతెన దగ్గరికి వచ్చేసరికి అక్క ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"యాడున్నవు తమ్మీ?"

"వంతెన కాడున్న అక్కా. దగ్గరికొచ్చిన."

"రాకు."

"ఎందుకక్కా?" అన్నాను.

"నువ్వు మా వాడకట్టు మొదట్ల కార్ల దింపి పోయినవని చెప్పిన. బడి పని అర్జెంటున్నదని, అటుకెల్లి అటే మర్లిపోయినవని చెప్పిన. మేనత్త గూడ గట్లనే చెప్పింది. అందరు నమ్మిన్రు. మా ఆడిబిడ్డలు లడ్డూలు పంచుతున్రు. గిప్పుడు నువ్వొస్తె అంత ఖరాబైతది." కాస్త ఆగి అన్నది, "దారి పొంటి ఏసీల మంచిగ పండుకున్న అని గూడ చెప్పిన."

బండి పక్కకు తీసి ఆపాను. గడప విషయంలో ఈకకు ఈక పీకిన మా మేనత్త కూడా నా కోసం అబద్ధం ఆడింది. కంపెనీవాడు తన కారు గురించి గోడ మీద రాసుకున్నాడంటే అమ్ముకోవడానికి రాసుకున్నాడు. నా గురించి అక్క అట్లా ఎందుకు చెప్పుకోవాల్సి వచ్చిందో తెలుసు కాబట్టి, సరే అక్కా అని ఫోన్ పెట్టేశాను. అక్క ఇల్లు ఇంకా ఇరవై కిలోమీటర్లు ఉంది. తెర మీద ఇరవై ఆరు ఉంది. ఇంటి దగ్గర తక్కువపడ్డ ఆ అంకె, ఇప్పుడు పోవాల్సిన దూరం కంటే ఎక్కువగా ఉంది. బండి వెనక్కి తిప్పాను. బాసుమతి బస్తా డిక్కీలోనే ఉంది. నా భార్య మెట్‌పల్లి దాకా కిటికీలోంచే చూస్తూ కూర్చుంది.

మరునాడు పొద్దున అక్క అత్తగారు ఫోన్ చేసింది. ముసలామె. ఆమెతో నేను మాట్లాడి ఎన్నేళ్లయిందో.

"మంచిగ చేరినవా కొడుకా?"

"చేరిన అత్తమ్మా. నిన్న ఇంట్లకు రాలేకపోయిన. బడిల పని పడ్డది."

"ఔను, మా కోడలు చెప్పింది." తరువాత అన్నది, "ఆ బస్సు కండక్టరు మా వాడకట్టు పిలగాడే. నేను ఎవ్వలకు చెప్పలే. నాకెరుకయిందని నువ్వు నీ అక్కకు చెప్పకు."

నా చెవులు వేడెక్కాయి. కారు సరిగ్గా నడవలేదని నసిగాను.

"కార్ల రావాల్నని ఎవ్వలన్నరు కొడుకా?" అన్నది. "నీ అక్క దినాం తల్వాకిట్ల నిలవడి నీ దిక్కు సూస్తది. ఒక్కపారి అచ్చి కండ్లవడి పో."

ఆ ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. సీటు దొరకలేదు. ఖానాపూర్ దాకా నిలబడే వెళ్లాను.